ముందు చెడిపోయిన క్లాసు చెప్పమన్న వసుంధర మేడమ్

గురువారం మధ్యాహ్నం బడిలో పిల్లలు భోజనాలకి కూర్చుంటున్నారు. తాడేపల్లిగూడెం నుంచి తోటి టీచరు మస్తాన్ మాస్టారు ఫోన్ చేశారు. "వసుంధర మేడమ్ గారు వెళ్ళిపోయారండీ. పొద్దున్నే గుండె నొప్పట. ఆసుపత్రికి చేరేలోపే..." నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆ భయమెందుకో చెప్పకుండా ఆవిడ గురించి రాయలేను.

ఏలూరులో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి రిటైరైన మేడమ్ ఇంటి వరండాలో ప్రతి నెలా రెండో శనివారం టీచర్లం కలిసేవాళ్ళం. జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో వచ్చేవాళ్ళు కొందరు, నాలా కొల్లేటి చేపల చెరువుల గట్ల మీదుగా ఆటోలో వచ్చేవాళ్ళు కొందరు. ట్యాబులతో చదువు చెప్పడం మీద జరిగే పరిశోధనల్ని ఆవిడ తెలుగులో రెండు పేజీలకి కుదించి ఇచ్చేవారు. మేం నెల్లాళ్ళు క్లాసులో చేసి చూసేవాళ్ళం. మేం చెప్పింది రాసి మళ్ళీ ఆ పరిశోధకులకే పంపేవారు. "వాళ్ళ ప్రయోగాల్లో కరెంటు పోదమ్మా. మన గదిలో పోతుంది. ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెబుతారు?" అనేవారు.

ఆ వరండాలో ఒకటే నియమం. ఎవరైనా ముందు ఆ నెల చెడిపోయిన క్లాసు చెప్పాలి. బాగా జరిగింది తర్వాత.

ఒకసారి ఒక యువ పరిశోధకుడు తన యాప్ గురించి చెప్పడానికి వచ్చాడు. మస్తాన్ మాస్టారు ఊరుకోరుగా. "ఏవండీ, మీ యాప్‌లో పిల్లలు బల్లలెక్కి దూకరాండీ?" అన్నారు. అందరం నవ్వాం. మేడమ్ నవ్వకుండా, "బాబూ, ముందు మీ చెడిపోయిన క్లాసు ఒకటి చెప్పండి" అన్నారు. "నేనసలు ఎప్పుడూ పాఠం చెప్పలేదండి" అన్నాడతను, తల దించుకుని. "అదే చెప్పండి, చాలు. సరే, ఇప్పుడేం చేద్దాం?" అన్నారావిడ. సోమవారం నుంచి వారం రోజులు మస్తాన్ మాస్టారి క్లాసులో అతనే పాఠం చెప్పాడు.

ఆవిడ కూడా ఆ నియమం తప్పేవారు కాదు. "కొత్తలో ఒక పిల్లాడు బోర్డు మీది లెక్క తప్పుగా దించుకుంటుంటే ఏడాదంతా తిట్టానమ్మా. వాడికి బోర్డే కనపడలేదు. ఎవరితోనైనా చెప్పుకునుంటే, కళ్ళు చూపించమని ఎవరో ఒకరు అనేవారు. పేరు పోతుందని దాచుకున్నాను."

ఇప్పుడు నా సంగతి. నా కూతురు నా క్లాసులోనే రెండో తరగతి చదువుతోంది. ఈ నెల మేం చేసి చూసిన చదువు యాప్‌లో ట్యాబు ఒక మాట పలికితే, తెర మీద ఉన్న నాలుగు మాటల్లో అది ఏదో కనిపెట్టి పిల్లలు తాకాలి. నెలాఖరుకి అందరికీ పూర్తి మార్కులు. పొంగిపోయి మేడమ్‌కి పంపాను. ఆవిడ పంపిన ఆ మార్కులు చూసి, పరిశోధకులు ఆ యాప్‌ని కొల్లేటిలోని మిగతా లంక గ్రామాల బడులకీ ఇద్దామనుకుంటున్నారు.

సోమవారం జడ వేస్తుంటే మా అమ్మాయి ఏదో పాడుతోంది. "పైన, కింద, కింద, పక్కన." ఏంటే అదన్నాను. "ట్యాబు పాటమ్మా. అలా నొక్కితే చాలు. అందరికీ వచ్చు." మాటలు రోజూ ఒకే వరసలో వస్తున్నాయని నేను గమనించనే లేదు. కాగితం మీద 'పడవ' అని రాసిచ్చాను. ఇంటి ముందు కాలవలో రోజూ చూసే పడవ. చదవలేకపోయింది.

మంగళవారం మేడమ్ ఫోన్ చేశారు. "క్లాసెలా ఉందమ్మా?" "బాగుందండీ" అన్నాను. టీచరు కూతురికే చదవడం రాదని నలుగురికీ తెలుస్తుందని భయం. "సరే. శనివారం రా. ముందు చెడిపోయింది చెప్పు" అన్నారావిడ.

నేను దాచానని ఆవిడకి తెలిసిందో లేదో ఇక నాకెప్పటికీ తెలియదు. ఆవిడ లేరని వినగానే, ఆ తప్పుడు మార్కులే నిజంగా మిగిలిపోతాయని భయం వేసింది.

మేడమ్ గారూ, ఈ నెల చెడిపోయిన క్లాసు నాది. నేను పంపిన మార్కులు నమ్మొద్దు. ఆ యాప్ ఇంకే బడికీ ఇప్పుడే ఇవ్వొద్దు. శనివారం మీ వరండాలో నిలబడి ఇదే చదువుతాను. చదవడం అయ్యాక, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అనడానికి మీరుండరు.

అక్కడ కూర్చున్న మీలో ఎవరో ఒకరు ఆ మాట అనండి.