రొయ్యలకు తోడుగా ఒక చేప

మా ఇంటికి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే ముందు గదిలోని గాజు తొట్టి వైపు చూసి, "గిండ్ల చేపలేవి?" అని అడిగేవారు. చేపలు లేవని, రొయ్యలున్నాయని వాళ్ళకు వినపడీ వినపడనట్టు చెప్పేదాన్ని. దగ్గరికొచ్చి వంగి చూస్తే తప్ప అవి కనపడవు. గోరంత పొడవు, దానిమ్మ గింజ రంగు. పొద్దంతా నాచును గీకుతూ తింటాయి. కొందరు ఓపిగ్గా వంగి చూసి, "కూరకు ఎన్నడైతయి బిడ్డా?" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఆ తొట్టిని నాకిచ్చింది డిగ్రీలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు. నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. రొయ్యల్ని ఆమెకు హైదరాబాదులో పనిచేసే వాళ్ళన్న తెచ్చిచ్చాడు. పెళ్ళయి మహారాష్ట్రలోని భివండి పోతూ, అంత దూరం నీళ్ళ తొట్టిని ఎట్లా మోస్తానని నా చేతిలో పెట్టింది. "పిల్లలు పెడితె నాకు ఫోన్ చెయ్యాలె, సూడు" అంది. మొదట్లో తరచుగా మాట్లాడుకునేవాళ్ళం. ఆ తర్వాత ఆమెకు తీరిక తగ్గింది, నాకు చెప్పడానికి కబుర్లు అయిపోయాయి. ఊరికే ఫోన్ చేసి మాట్లాడే మనిషిని కాదు నేను. ఏదో ఒక కారణం చేతిలో ఉండాలి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఉద్యోగ పరీక్షలన్నీ వాయిదా పడుతూ ఉంటే నేను ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. బాపు ఆఫీసు నుంచి నేరుగా దీక్షా శిబిరానికి పోయేవాడు. అమ్మ వాడకట్టు ఆడవాళ్ళతో కలిసి రాస్తారోకోలకు పోయేది. నాకూ రాష్ట్రం రావాలనే ఉండేది. కానీ పది మందిలో నిలబడి నినాదమివ్వాలంటే పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ఇంటికి వచ్చి ఆ నినాదాలనే డైరీలో రాసుకునేదాన్ని. ఊరంతా ఒక్కటై రోడ్డు మీద ఉన్నప్పుడు ఇంట్లో ఒక్కరే ఉండటం మామూలు ఒంటరితనం కన్నా బరువుగా ఉంటుంది. కిటికీ వేసినా డప్పుల చప్పుడు ఆగదు.

తొట్టి బోసిగా ఉందని అందరూ అనగా అనగా నాకూ అట్లాగే అనిపించసాగింది. నెట్ సెంటర్‌లో ఒక మూల కూర్చొని రొయ్యలతో కలిసి బతికే చేపలేవో చదివాను. అర్థమైంది చాలా చిన్న సంగతి. రొయ్య చేప నోట్లో పట్టిందంటే, అది ఆ చేపకు తోడు కాదు, తిండి. గోల్డ్ ఫిష్ తింటుంది. ఏంజెల్ చేప వెతికి మరీ తింటుంది. గప్పీలు పెద్ద రొయ్యల జోలికి పోవు కానీ పిల్లల్ని వదలవు. చివరికి ఒక్క చేప నచ్చింది. గాజుకు నోరు అంటించుకొని పాచి నాకుతూ ఉంటుందట, ఎవరి జోలికీ పోదట. అదీ బెదురుగొడ్డేనట.

పాత బస్టాండు దగ్గర చేపల దుకాణం నడిపే చాచాను అడగడానికి ఆ దుకాణం ముందు నుంచి ఎన్నిసార్లు ఊరికే నడిచి వచ్చానో. ఒకరోజు లోపలికి పోయాను.

"గోల్డ్ ఫిష్ తీస్కపో బేటీ. శాన్‌దార్ ఉంటది" అన్నాడు.

"రొయ్యల్ని తింటది కద చాచా?"

"చేప అన్నంక తినకుంట ఉంటదా? నువ్వు తింటలేవా?"

నాకు నవ్వొచ్చింది. పాచి నాకే చేప గురించి చెప్పాను. విని తల ఊపాడు. "గది హైదరాబాద్‌ల దొరుకుతది. తెద్దునమ్మా, బస్సులేవి? ఇయ్యాల బందు, రేపు రాస్తారోకో. తెలంగాణ అన్న ముందొస్తదో నీ చేప అన్న ముందొస్తదో సూడాలె."

ఆ ఎదురుచూపుల్లోనే ఒక పొద్దున రొయ్యల్లో పెద్దదాని కడుపు కింద పసుపుపచ్చని గుడ్ల గుత్తి కనిపించింది. ఆవగింజల కన్నా చిన్నవి. కడుపు కింది బుల్లి కాళ్ళతో వాటికి ఆగకుండా నీళ్ళు విసురుతోంది. విసరకపోతే గుడ్లు బూజు పట్టి పాడవుతాయని చదివాను. అవి పిల్లలైతే నాకు ఫోన్ చేయడానికి కారణం దొరికినట్టే. ఏం చెప్పాలో, ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. రోజూ లేవగానే మొహం కడుక్కోకుండా వచ్చి తొట్టి ముందు కూర్చునేదాన్ని. గుడ్లలో నల్లని చుక్కల్లాగా కళ్ళు కనపడే దాకా వచ్చాయి. ఇక నాలుగైదు రోజుల్లో పిల్లలు.

అంతలో మిరుగం వచ్చింది. మృగశిర కార్తె ప్రవేశించే ఆ రోజు మా దగ్గర ఇంటింటా చేపల కూర వండుతారు. దమ్ము, అంటే ఉబ్బసం, ఉన్నవాళ్ళు హైదరాబాదు పోయి చేప మందు వేసుకుంటారు. బతికున్న చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. నాయనమ్మకు ఏళ్ళుగా దమ్ము. బాపు ఆమెను ముందు రోజే తీసుకుపోయాడు. తెల్లారి కరీంనగర్ రోడ్డు మీద వంటావార్పు. ఊరు ఊరంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకొని తినాలని పిలుపు. అమ్మ నన్ను వదల్లేదు.

"లోకమంత రోడ్డు మీదుంటె నువ్వు నీళ్ళదిక్కు సూసుకుంట కూసుంటవా? నడువ్" అంది.

పోయాను. ఉల్లిగడ్డలు కోసే పని నాకిచ్చారు. అది మంచిదైంది. కళ్ళు దించుకొని ఉండొచ్చు. చుట్టూ ఆడవాళ్ళు పాడుతున్నారు, పరాచికాలాడుతున్నారు. "ఈ పిల్ల మాట్లాడదా ఏంది?" అని ఒకామె అడిగితే, "ఇంట్ల గూడ గంతే" అంది అమ్మ. ఎండ ముదిరే వేళకు బాపు వచ్చి, నాయనమ్మను ఇంట్లో దించి వచ్చానన్నాడు. ఆమెకు తోడుంటానని చెప్పి నేను లేచి వచ్చేశాను.

నాయనమ్మ తొట్టి ముందు నా పీట మీదే కూర్చొని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"రా బిడ్డా, రా. నీకేం తెచ్చిన్నో సూడు."

తొట్టిలో వేలెడంత కొర్రమీను పిల్ల. బాపు, ఒకటి చచ్చిపోతే ఇంకొకటి ఉంటుందని రెండు కొన్నాడట.

"ఒకటి మింగిన. ఇగ రెండోది సంచిల అటు తిరిగి ఇటు తిరిగి నా దిక్కే సూసె. నా బిడ్డ తొట్టి ఉత్తగున్నది గద, దీన్ని కొంటవోత అన్న. పాపం, పొద్దటిసంది ఉపాసమున్నదేమో, ఏసుడేసుడే రెండు మింగింది. మేత మంచిగనే పెంచినవ్ బిడ్డా."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇన్నాళ్ళూ నాయనమ్మ, ఏదో ఒకరోజు రాబోయే చేప కోసం నేను మేత పెంచుతున్నాననుకుంది. ఆమే కాదు, ఇంట్లో అందరూ అట్లాగే అనుకొని ఉంటారు. నేను ఎవరికీ సరిగ్గా చెప్పిందే లేదు.

"నాయనమ్మా, అవి మేత కాదు" అన్నాను. "నేను పెంచేటియి అవే."

ఆమె నా మొహం చూసింది, తొట్టిని చూసింది. "అయ్యో" అని ఒక్క మాట అని, రైక చేతిని పైకి లాక్కొని తొట్టిలో చెయ్యి పెట్టింది. నేను చాయ్ జల్లెడ తెచ్చాను. చేప దానికీ దొరకలేదు. రెండుసార్లు జారిపోయి మూడోసారి ఎగిరి గచ్చు మీద పడింది. నాయనమ్మ కొంగు దాని మీద వేసి పట్టుకుంది. బకెట్లో వేసి పైన పళ్ళెం బోర్లించాం. ఆయాసంతో ఆమె గోడకు ఆనుకుంది.

"మందు ఏస్కోని వచ్చిందే దమ్ము తగ్గనీకి. నువ్వు నన్ను ఉరికిస్తివి" అంది. నవ్వలేక నవ్వింది.

సాయంత్రం బాపు బకెట్ మూత తీసి చూసి, "జర పెరిగితె పులుసుకు మంచిగుంటుండె" అన్నాడు. "మందు చేపను తింటర్రా బద్మాష్!" అని నాయనమ్మ కసిరి, తానే బండి వెనక కూర్చొని పోయి దాన్ని కోమటి చెరువులో వదిలించి వచ్చింది.

పెద్ద రొయ్య నాచు అడుగున దొరికింది. బతికే ఉంది. కానీ కడుపు కింద గుడ్లు లేవు. భయపడితే గుడ్లు రాల్చేస్తాయి. అవి లేవన్న సంగతి తెలియనట్టు, బుల్లి కాళ్ళు ఇంకా నీళ్ళు విసురుతూనే ఉన్నాయి.

ఇసుకలో దొరికిన గుడ్లను చెంచాతో ఏరి గాజు గ్లాసులో వేశాను. తల్లి చేసే పని నేను చేయాలి కదా, ఎప్పుడు ఆ గదిలోకి వచ్చినా చెంచాతో నీళ్ళు మెల్లగా తిప్పేదాన్ని. నేను చదువుకుంటుంటే నాయనమ్మ తిప్పేది. అవి ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. మూడో నాటికి అన్నీ దూది పోగుల్లా అయ్యాయి. నాయనమ్మ గ్లాసు తీసుకుపోయి కడిగి బోర్లించింది.

తర్వాతి వారం చాచా దుకాణానికి పోయి, చేప తేవొద్దని చెప్పాను. "రొయ్యలు చచ్చిపోయినయా బేటీ?" అని అడిగాడు. లేదన్నాను. వాటికి ఏ చేపా తోడు అక్కర్లేదని చెప్పలేక, పోయొస్త చాచా అని వచ్చేశాను.

చెప్పడానికి ఏ మంచి కబురూ లేకుండానే ఆ రోజు స్నేహితురాలికి ఫోన్ చేశాను. రొయ్య గుడ్లు పెట్టింది కానీ నిలవలేదు అని మొదలుపెట్టాను.

"ఏ రొయ్యలే?" అంది. వెనక మగ్గాల మోత. "ఓ, గవా! ఇంక ఉన్నయా?"

"ఉన్నయి."

"ఇంత ఓపికేందే నీకు. నువ్వే ఉంచుకో ఇగ, నీయే అవి." వాళ్ళత్త పిలుస్తోందని, మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

బయట ఊరేగింపు పోతోంది. అమ్మా నాయనమ్మా గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. నేను మగ్గు తెచ్చి, రొయ్యలకు నీళ్ళు మార్చడానికి తొట్టిలో పాత నీళ్ళు తోడడం మొదలుపెట్టాను.