భీమశంకర్ గారి డబ్బా ఎంక్వయిరీలు

భీమశంకర్ గారు ఎంక్వయిరీ లేకుండా అన్నం కూడా తినరు. నమ్మనివాళ్ళు సిద్ధగోరాలో ఆయన ఇంటికి సాంబారులో ఉప్పు ఎక్కువైన రోజున వెళ్ళి చూడాలి. ఉప్పు వేసిందెవరు, ఎన్ని గంటలకు వేశారు, వేసేటప్పుడు టీవీ నడుస్తోందా లేదా, ప్రత్యక్ష సాక్షులున్నారా? ఇవన్నీ తేలేసరికి సాంబారు చల్లారిపోతుంది. తేలేది మాత్రం ప్రతిసారీ ఒకటే: 'గృహిణి అజాగ్రత్త'. ఆ గృహిణి రమణి గారు ముప్పై తొమ్మిదేళ్ళుగా దోషిగానే కొనసాగుతున్నారు. శిక్ష మాత్రం ఇంతవరకు పడలేదు. శిక్ష వేయాల్సినాయనకు నాలుగింటికి కాఫీ కావాలి మరి.

ఆయన ఊళ్ళోని ఉక్కు కంపెనీ స్టోర్సులో ఇన్‌స్పెక్టరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. బోల్టు పోతే మూడు పేజీలు, బేరింగు పోతే ముప్పై పేజీలు రాసేవారు. ఆయన ఎంక్వయిరీల్లో దొంగ దొరికిన దాఖలా ఒక్కటీ లేదు. కాకపోతే దొంగలు కూడా రిపోర్టు చదివి, 'ఎంత బాగా రాశాడ్రా' అనుకునేవారట. రిటైరైన రోజున మెడలో వేసిన దండ జానెడు పొట్టిగా ఉందని, దాని మీద కూడా ఒక రిపోర్టు రాసి అప్పుడు ఇంటికి వెళ్ళారు.

ఇలాంటి మనిషిని డార్కస్ చిన్నప్పటినుంచి భరిస్తూనే ఉంది. ఆమె అదే ఊళ్ళో కద్మా పేటలో ఒక బడిలో చరిత్ర చెబుతుంది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పది ఆజ్ఞలు చెబుతుంది. భీమశంకర్ గారు ఆమె తండ్రి తోమాస్‌కు స్నేహితుడు. తోమాస్ అదే కంపెనీలో క్రేన్ నడిపాడు. రిటైరయ్యాక అందరిలా మొక్కలు పెంచకుండా జియోకాషింగ్ అనే ఆటలో పడ్డాడు. ఆట సులువే. ఒక డబ్బాలో నోటుబుక్కు పెట్టి ఎక్కడో దాచాలి. అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాల అంకెల్లో ఇంటర్నెట్‌లో పెట్టాలి. ఊరూపేరూ తెలియనివాళ్ళు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి పోవాలి.

డిమ్నా చెరువు వెనకాల గుట్ట నెత్తిన, ఒక నల్లరాయి కింద, తోమాస్ బిస్కట్ల ప్లాస్టిక్ డబ్బా దాచాడు. పూణే నుంచి ఒకరు, జర్మనీ నుంచి ఒకరు వచ్చి సంతకాలు పెట్టారు. నెలకోసారి గుట్టెక్కి డబ్బా క్షేమం కనుక్కోవడం యజమాని ధర్మమని తోమాస్ నమ్మకం.

ఫిబ్రవరిలో ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఊళ్ళో జూబిలీ పార్కులాంటి చదును చోట నడవొచ్చు గానీ ఎత్తులు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. పాస్టరు కూడా చెప్పాడు. డార్కస్ రోజుకు రెండుసార్లు చెప్పింది.

"ఆ కొండ చేసినోడే ఈ గుండె కూడా చేసినాడమ్మా. ఆయనకి తెలీదా ఏటి?" అని తోమాస్ బూట్ల లేసులు కట్టుకున్నాడు.

డార్కస్‌కు ఆ మార్చి నెలంతా నిద్ర సరిగా లేదు. అదే నెలలో డబ్బా పోయింది. పోతే పోయింది, పీడా విరగడైందని ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, ఎర్ర దారం కట్టిన ఫైలు చంకలో పెట్టుకుని భీమశంకర్ గారు దిగారు.

"తోమాసూ, డబ్బా చివరిసారి ఎప్పుడు చూసేవు?"

"నెలయింది ఇన్‌స్పెక్టరు గారూ."

"దాని రంగేటి?"

"పచ్చ."

"ఆకుపచ్చా, పసుపుపచ్చా? సరిగ్గా చెప్పు. ఇది రికార్డు."

డార్కస్ టీ కప్పులు కాస్త గట్టిగానే పెట్టింది. "అంకుల్, ఏక్ డబ్బా హీ తో హై. ఒక్క డబ్బాయే కదా, వదిలేయండి!"

"వదిలేత్తే ఇవాళ డబ్బా, రేపు గుట్ట పోద్దమ్మా!"

స్థల పరిశీలనకు మాత్రం ఆయన ఒక్కరే ఎక్కారు. 'ఫిర్యాదుదారుడు నేరస్థలానికి రారాదు' అని తోమాస్‌ను కింద టీకొట్టులో కూర్చోబెట్టారు. ఆ నిబంధన ఏ పుస్తకంలో ఉందో డార్కస్‌కు దొరకలేదు. గంటన్నర తరవాత చెమటలు కక్కుకుంటూ దిగివచ్చి రిపోర్టు చదివారు. కారణం: ప్లాస్టిక్ నాసిరకం. సిఫార్సు: స్టీలు డబ్బా కొని, దాని మీద పేరు కొట్టించి, వంద గజాలు కిందికి మార్చాలి.

ఇక్కడ డార్కస్‌కు ఒళ్ళు మండిన సంగతి ఒకటుంది. డాక్టరు మాట, దేవుడి సేవకుడి మాట, కన్నకూతురి మాట వినని తండ్రి, సంతకమూ ముద్రా ఉన్న ఆ కాగితాన్ని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. "ఎంక్వయిరీ ఆర్డరమ్మా, కాదనకూడదు" అని అదే రోజు సాక్చీ బజారుకు వెళ్ళి, స్టీలు డబ్బా మీద 'టి. తోమాస్, కద్మా' అని ఫోన్ నంబరుతో సహా చుక్కలు చుక్కలుగా కొట్టించుకొచ్చాడు. ముప్పై ఏళ్ళు క్రేనులో కూర్చుని కింద మనిషి చెయ్యి ఎటు ఊపితే అటు తిప్పినవాడికి, చెయ్యి ఊపే మనిషి ఒకడు కావాలి కాబోలు.

పేరు కొట్టించిన డబ్బాకు దొంగలు రాలేదు. అంతకన్నా ప్రమాదమైనవాళ్ళు వచ్చారు: మంచివాళ్ళు. వారం తిరగకుండా పిక్నిక్కు వెళ్ళిన కుర్రాళ్ళు ముగ్గురు తలుపు తట్టారు. "అంకుల్, ఆప్ కా టిఫిన్ పహాడ్ పర్ రహ్ గయా థా" అని, కొండ మీద మరిచిపోయిన టిఫిను డబ్బా అనుకుని చేతికిచ్చారు. మళ్ళీ పెడితే ఒక మేకల కాపరి తెచ్చిచ్చాడు. మూడోసారి తెచ్చిన ఆటోడ్రైవరయితే, ఈ వయసులో టిఫిను డబ్బా మరిచిపోవడం మంచి లక్షణం కాదు, బాదంపప్పు తినమని సలహా కూడా ఇచ్చిపోయాడు.

రెండో ఎంక్వయిరీ. కారణం: 'ప్రజల్లో నిజాయితీ మోతాదు మించుట'. సిఫార్సు: జనం కళ్ళబడని చోట, అంటే సగం గుట్టకే, ముళ్ళపొద వెనకాల.

జూన్‌లో రాంచీ నుంచి వచ్చిన ఒకాయన ఇంటర్నెట్‌లో రాశాడు: 'నోటుబుక్కు దొరికింది. కానీ స్టీలు డబ్బాలో కాదు, ఊరగాయ సీసాలో ఉంది. వాసన అద్భుతం. ఆకలి వేస్తోంది.'

ఎవరో డబ్బా కొట్టేసి సీసా పెట్టారన్నమాట. దీంతో తోమాస్‌కు ఎంక్వయిరీల మీదే నమ్మకం పోయింది.

"మూడు నెలల్నించి సూత్తన్నాను. ఒక్క దొంగా లేడు, ఒక్క సాక్షీ లేడు. రిపోర్టు మీద రిపోర్టు! ఇంక నా డబ్బా నేను చూసుకుంటాను." సైకిలు గొలుసు, అరకిలో తాళం కొనుక్కొచ్చాడు. వచ్చే శనివారం పొద్దున్నే గుట్ట నెత్తికెక్కి, మొదటి నల్లరాయికే కొత్త డబ్బాను గొలుసుతో కట్టేస్తానన్నాడు. డార్కస్ ఏడ్చినా వినలేదు.

ఇదంతా ఆ పెద్దమనిషి రాజేసిన నిప్పేనని ఆదివారం చర్చి అవగానే ఆమె నేరుగా సిద్ధగోరా వెళ్ళింది. అనాల్సిన మాటలు ఆటోలో వరుసగా పేర్చుకుంది. తీరా వెళ్తే ఆయన ఇంట్లో లేరు.

"కూర్చోమ్మా, వచ్చేత్తారు. చేగోడీలు తిను" అని రమణి గారు ఒక స్టీలు డబ్బా మూత తీసి ముందు పెట్టారు.

డార్కస్ చేగోడీ నోట్లో పెట్టుకుంది. కొరకలేదు. డబ్బా పక్కన చుక్కలు చుక్కలుగా 'టి. తోమాస్, కద్మా' అని ఉంది.

"ఆంటీ, ఇది..."

"అదా? ఏదో ఎగ్జిబిట్టట. మా ఆయన తెచ్చేరు. అదిగో, ఆ పచ్చ ప్లాస్టిక్కుది కూడా. అందులో మెంతులు పోసుకున్నాను." రమణి గారు గొంతు తగ్గించారు. "నాకు అర్థం కానిదల్లా నా ఆవకాయ సీసా ఏటైపోయిందనే. దాని మీద కూడా ఎంక్వయిరీ చేసేరు. గృహిణి అజాగ్రత్తట!"

డార్కస్‌కు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆవిడ తన పాటికి చెప్పుకుపోతున్నారు. "ఈ వయసులో కొండలేటమ్మా? తిరిగొచ్చిన ప్రతిసారీ మోకాళ్ళకి నూనె రాయలేక సత్తన్నాను."

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. భీమశంకర్ గారు లోపలికి వచ్చి, డార్కస్‌ను చూసి, ఆమె ఒళ్ళో డబ్బాను చూసి, బీరువా దగ్గరకు వెళ్ళి ఫైలు వెతుకుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు.

"అంకుల్. దొంగ దొరికాడు."

"సాక్ష్యాధారాలు లేకుండా అలగ అనకూడదు."

"చేగోడీలు ఉన్నాయి అంకుల్ ఇందులో!"

ఆయన ఇటు తిరిగారు. "ఏటి చెయ్యమంటావు? డాక్టరు మాట వినడు, నీ మాట వినడు. కొండ దిగమని స్నేహితుడిగా నేను రెండుసార్లు చెప్పేను. నవ్వేడు. వాడు వినేది రిపోర్టొక్కటే. రిపోర్టు రాయాలంటే నేరం జరగాలా, వద్దా?"

ఆటోలో పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా ఇక్కడ పనికిరాదని డార్కస్‌కు అర్థమైంది. "శనివారం పైకెక్కుతానంటున్నారు" అంది.

"తెలుసు. ఈసారి నా కాగితం చెల్లదు. సాక్షిని అడుగుతున్నాడు." కళ్ళద్దాల పైనుంచి ఆమె వైపు చూశారు. "నాకు సాక్షి లేడు."

బుధవారం సాయంత్రం కద్మాలో, వరండాలో, మూడో ఎంక్వయిరీ మొదలైంది. తోమాస్ గొలుసు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

"సాక్షి ఉంటే చెప్పండి ఇన్‌స్పెక్టరు గారూ. లేదంటే లేవండి."

"నేను చూశాను డాడీ" అంది డార్కస్. మొన్ననే పిల్లలకు తొమ్మిదో ఆజ్ఞ, అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది, బట్టీ పెట్టించింది. "స్కూలు పిల్లల్ని డిమ్నా తీసుకెళ్ళినప్పుడు. కోతి. డబ్బా పట్టుకుని పోతోంది."

"కోతి డబ్బా పట్టుకుపోయి సీసా పెట్టిందా?" తోమాస్ కూతురి వైపు వింతగా చూశాడు. పుట్టి ముప్పై ఏళ్ళు దాటినా ఆమె నోట అబద్ధం విని ఎరగడు.

భీమశంకర్ గారు కలం తెరిచారు. "సాక్షిని బెదిరించకూడదు. అమ్మా, కోతి ఆనవాళ్ళు చెప్పు. వయసు?"

"ముసలిదే అంకుల్."

"ముసలి. జుట్టు?"

"బట్టతల."

కలం ఒక క్షణం ఆగింది. మళ్ళీ నడిచింది. "ఇంకా?"

"రెండు కాళ్ళూ కుంటుతూ నడుస్తోంది."

భీమశంకర్ గారు రాయబోయి ఆగారు. తప్పుడు సమాచారం రికార్డుకెక్కడం ఆయన జన్మలో సహించలేదు.

"రెండూ కాదమ్మా. కుడి మోకాలొక్కటే. అదీ దిగినప్పుడు మాత్రమే."

తోమాస్ స్నేహితుడి బట్టతల వైపు చూశాడు. కిందికి, కుడి మోకాలి వైపు చూశాడు. తలవంచుకుని గోళ్ళు చూసుకుంటున్న కూతురి వైపు చూశాడు. తరవాత గొలుసును మెల్లగా చుట్టచుట్టి కుర్చీ కింద పెట్టాడు.

"సిఫార్సు: డబ్బా జూబిలీ పార్కుకి మార్చాలి అని రాసుకోండి ఇన్‌స్పెక్టరు గారూ" అన్నాడు. "పాపం, అంత ముసలి కోతి చేత నెలనెలా కొండెక్కించడం మనకీ మంచిది కాదు."