ఆ రాయిని గంజిలో పెట్టింది నేనే

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో ఉండిపోయింది. మొదట బరువుగా ఉండేది. తర్వాత అక్కడ ఏమీ తెలియకుండా మొద్దుబారింది. నాకు రాయడం సరిగా రాదు. నేను చెబుతుంటే పక్కింటామె రాస్తోంది. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, అశోక్ చౌక్ దగ్గర, మా మగ్గాల ఇంటి రేకు చీల్చుకుని ఒక నల్లరాయి పడింది. ఒళ్లంతా సన్నని చిల్లులు. పైనుంచి వచ్చిందని మా అత్త దాన్ని దేవుళ్ల పక్కన పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దంది. నేను ముట్టుకున్నాను. అత్త బయటికి వెళ్లిన పూట, గంజిలో నానేసిన నూలు పైకి తేలుతుంటే ఆ రాయినే బరువుగా పెట్టాను. కడిగి, తుడిచి, మళ్లీ అక్కడే ఉంచాను.

మా మరిది బడిలో సైన్సు చెప్పేవాడు. వేరే లోకాల్లో ప్రాణముందా అన్నదే అతని ధ్యాస. అలాంటి రాళ్లలో దాని జాడ దొరకవచ్చట. బడి నుంచి, సన్నవాటిని పెద్దగా చూపే అద్దాల గొట్టం తెచ్చాడు.

“వదినా, దీన్ని ఎవరన్న తడిపిన్రా? ఖరా చెప్పు, నిజం చెప్పు, గదే ముఖ్యం.”

అత్త పక్కనే బీడీలు చుడుతోంది. “పొద్దంత దాని మొఖమే చూస్తున్నవ్, లగ్గం చేస్కుంటవారా?” అంది.

“నేనెందుకు ముట్టుకుంట?” అన్నాను.

రాయి పొడిలో గుండ్రని గింజలు కనిపించాయి. ప్రాణం జాడ ఇదేనంటూ నన్నూ చూడమన్నాడు. పిండిలా ఉన్నాయని అప్పుడే అనిపించిందా? అనిపించింది. మరి ఎందుకు చెప్పలేదు? అత్తకు భయపడ్డానా, లేక అతనంత సంతోషంగా ఉండడం ఎన్నడూ చూడనందుకా?

బడిలో అందరికీ చెప్పి, రాయి పట్టుకుని పుణె వెళ్లాడు. అక్కడి పెద్దవాళ్లు ఒక చుక్క మందు వేస్తే గింజలు నీలమయ్యాయి. పిండి అయితేనే అలా అవుతుందట. నవ్వారట.

వచ్చి పీట మీద కూర్చున్నాడు. “గంజంట వదినా. మగ్గమోళ్ల ఇంట్ల పుట్టినోన్ని, నా చేతులదే అంటింది.”

అన్నం పెట్టాను. తిన్నాడు.

ఆ తర్వాత అతను ఆకాశం మాట ఎత్తలేదు. ఏది ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కునేవాడు, తోలు పగిలేదాకా. అత్త పోయింది, నా పెనిమిటి పోయాడు, భయపడడానికి ఎవరూ మిగల్లేదు, అయినా ఆ చేతుల మీద నీళ్లు పోస్తూ కూడా నేను చెప్పలేదు.

అతను ఇప్పుడు ముసలివాడు. ముందు గదిలోనే ఉన్నాడు. క్షమిస్తాడా? అడగను.

గంజి నాది. అతని చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

మెల్లగా చెప్పు, అతనికి వినబడుతుందని రాసే ఆమె అంటోంది. నేను గొంతు తగ్గించలేదు.