రోలరమ్మ గోడ

ఆ మ్యూజియంలో ప్రదర్శన మారినప్పుడల్లా గోడల రంగూ మారుతుంది. రోలరు పట్టి ఆ రంగు మార్చేది రోలరమ్మ. అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. దీవులవాళ్ల ముసుగులు వచ్చినప్పుడు ముదురు నీలం వేసింది. రాజుల నగలకు వంకాయ రంగు, వేల ఏళ్ల నాటి మట్టికుండలకు బూడిద రంగు. జనం వస్తారు, చూస్తారు, పోతారు. కుండలు మళ్లీ పెట్టెల్లోకి ఎక్కుతాయి. రోలరమ్మ కొత్త డబ్బా మూత తీస్తుంది. చేయి తిరిగిన పనిమంతురాలు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దాచుకోదు.

దాచుకోకపోవడమే తోడికోడలికి గిట్టదు. ఆవిడ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. "గోడకు రంగు పూసి ఇంత బడాయి ఏంటక్కా? నీ గోడ చూడ్డానికి ఎవరైనా టికెట్టు కొంటారా?" అని చుట్టాల ముందు అనేసింది. అందరూ పళ్లికిలించారు. ఆ మాటను ఆ నోటితోనే వెనక్కి తీయించకపోతే రోలరమ్మకు ముద్ద దిగేలా లేదు.

బొమ్మలు తగిలించాక గోడ ఎవరికీ కనబడదు. అందుకే రంగు పని ముగిసి, తగిలించేవాళ్లు ఇంకా రాని రోజు చూసుకుని, కావలివాడికి చెప్పి తోడికోడల్ని లోపలికి తీసుకెళ్లింది. ఈసారి పాతకాలపు ఓడల బొమ్మలు, వాటికి ఇటుక ఎరుపు. తగిలించడం మర్నాడు పొద్దున్నే.

గది ఖాళీ. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎర్రగా, ఎక్కడా రోలరు జాడ లేకుండా గోడ ఒక్కటే ఉంది. స్విచ్చు పలక ఇంకా బిగించలేదు. ఆ అంచున పాత రంగుల పొరలు బయటపడిన చోట వేలు పెట్టి చూపించింది రోలరమ్మ.

"చూడవే. ఎరుపు కింద బూడిద, దాని కింద వంకాయ, ఆ కింద నీలం. రాజులూ వెళ్లిపోయారు, కుండలూ వెళ్లిపోయాయి. నా పని మాత్రం ఇక్కడే ఉంది."

తోడికోడలు వంగి కళ్లతో చూసింది. కానీ చేయి ఊరుకుంటుందా? రోజంతా గుడ్డలు తడిమే చేయి! "మఖమల్‌లా ఉందక్కా" అంటూ అరచేత్తో నిమిరేసింది. పైకి ఆరినట్టుందే గాని లోపల పచ్చిగానే ఉంది. అయిదు వేళ్లూ దిగాయి.

"నీ చెయ్యి పాడుగాను! చూడమంటే తడుముతావేంటే?"

"ఆరిందనుకున్నానక్కా. అంత మేరకు కాస్త పూసెయ్యరాదూ?"

"అతుకేస్తే ఓడల కంటే ముందు అదే కనబడుతుంది. గోడంతా మళ్లీ వెయ్యాల్సిందే. పట్టు ఆ రెండో రోలరు."

వేళ్ల గుర్తులు ఆరనిచ్చి, సాపు చేసి, ఇద్దరూ మూలలోంచి మొదలుపెట్టారు.

"ఆపకు! మధ్యలో ఆపితే గీత పడుతుంది."

"భుజం ఊడిపోతోందక్కా!"

"ఊడితే రంగు అంటకుండా ఓ పక్కన పెట్టు."

చీకటి పడేసరికి గోడ మళ్లీ గోడలా నిలబడింది. తోడికోడలు నేల మీద చతికిలబడి, చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఓడల ప్రదర్శన తెరిచిన రోజు ఆ చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చింది. ఓడలకు వీపు పెట్టి నిలబడి, "ఓడలెక్కడికీ పోవు, ముందు గోడ చూడండి! మా అక్కా నేనూ వేశాం" అని గొంతెత్తి చెప్పింది.

రోలరమ్మ వెనక నుంచి వచ్చి అడిగింది. "టికెట్టు కొన్నావా?"

"అందరికీ కొన్నానక్కా. గోడ చూడ్డానికే. సరేనా?"

"సరేలే. చేతులు వెనక్కి కట్టుకో."