గేటు దగ్గర అడిగే ప్రశ్న

గోదావరిఖనిలో నా గది కిటికీ తెరిస్తే బల్ల మీద నల్లటి దుమ్ము పేరుకుంటుంది. అందుకని కిటికీ మూసేసి, లాప్‌టాప్ ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ చేస్తాను. నాతో మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది దూరపు ఊళ్లవాళ్లే. ఒక వానాకాలంలో మాత్రం, బస్సెక్కితే గంటలో చేరగలిగే కాలనీ నుంచి ఒకాయన నా స్క్రీన్ మీదికి వచ్చాడు. ఆయన ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇది రాస్తున్నాను.

యాభై దాటిన మనిషి. చాలా ఏళ్లుగా భూగర్భ గనిలో పని. అప్పటికి రెండు నెలల కింద ఆయన కళ్ల ముందే గని పైకప్పు కొంత కూలి, పక్కన పనిచేస్తున్న దోస్తు కాలు నలిగిపోయింది. ఈయనకు చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి డ్యూటీకి పోలేదు. కూతురే నన్ను వెతికి పట్టుకుని, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"ఇంత దగ్గర్నే ఉన్నరు కద కాక, ఒకసారి వచ్చిపోరాదు?" అన్నాను, బాబాయి వరసన పిలుస్తూ.

"వద్దు బిడ్డా. గసొంటి డాక్టరు కాడికి పోయిండని తెలిస్తే షిఫ్టంత నన్నే చూస్తది. గోలీలు ఏమన్న ఉంటె చెప్పు."

"గోలీలు నేను రాయను కాక. అవసరమైతే రాసే డాక్టరు దగ్గరికి పంపుత. ఇప్పుడైతే ఇద్దరం కూసుండి, ఏం చేస్తే మీకు జర తేలికైతదో చూద్దాం."

"నాకే తెలిస్తే నీతోని ఎందుకు మాట్లాడుత?" అన్నాడు.

ఇద్దరం అని నోటితో అన్నాను గానీ, పని మాత్రం ఒక్కదాన్నే మొదలుపెట్టాను. మాట్లాడుకునే వేళ మధ్యాహ్నమని నేనే ఖాయం చేశాను. రెండోసారి మాట మధ్యలో ఆయన ఫోన్ పడేసి బయటికి పరుగెత్తాడు. దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు అదిరాయట. రోజూ ఆ వేళకే చేస్తారట. నేను అడిగి ఉంటే చెప్పేవాడే. మాటల్ని పొద్దటి పూటకు మార్చుకున్నాం.

అయినా నాకు బుద్ధి రాలేదు. మళ్లీ గనిలోకి దిగడమే గమ్యమని కాగితం మీద రాసుకుని, దానికి మెట్లు కట్టాను. మొదటి వారం బూట్లు తొడుక్కుని గని గేటు దాకా పోయి, చాయ్ తాగి రావాలి. ఆయన "సరే" అన్నాడు. వారం తర్వాత "పోయొచ్చిన" అన్నాడు. ఆ పై వారమూ అదే మాట. అప్పుడు వెనక నుంచి ఆయన భార్య ఫోన్‌లోకి వంగింది.

"అబద్ధం మేడం. గేటు దాకా పోతలేడు. బస్టాండుల కూసుండి వస్తుండు."

ఆయన తల దించుకున్నాడు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. అంత పెద్ద మనిషి నన్ను సంతోషపెట్టడానికి అబద్ధమాడాడు.

"తప్పు నాది కాక. మీకు కుదురుతదా అని అడగకుండనే చెప్పిన. గేటు కాడ ఏముంది?" అన్నాను.



"అందరు ఒక్కటే అడుగుతరు బిడ్డా. వాడెట్లున్నడు అని. ఏం చెప్పాలె? నేను ఒక్కపారి గూడ చూడబోలే. పైకప్పు జారుడు నేను చూసిన. పక్కకు జరుగు అందామంటె నోరు పెగల్లె."

నా కాగితంలో ఆ దోస్తు లేనే లేడు. దాన్ని పక్కన పెట్టి, ముందు ఏం చేయాలనుందో ఆయన్నే అడిగాను. "వాన్ని చూడాలె" అన్నాడు. ఆ పూటంతా దాని గురించే మాట్లాడుకున్నాం. ఒంటరిగానా, భార్యతోనా? ఎంతసేపు? తలుపు తీయగానే మొదటి మాట ఏమిటి? గుండె దడ పెరిగితే ఏం చేయాలి? ప్రతిదీ ఆయనే చెప్పాడు. నేను అడుగుతూ పోయాను. భార్యతో, ఆదివారం, పది నిమిషాలు. మొదటి మాట మూడుసార్లు మార్చుకున్నాడు.

సోమవారం ఆయనే ముందు ఫోన్ చేశాడు.

"అనుకున్న మాట ఒక్కటి గూడ యాదికి రాలే. ఏడ్చిన. వాడేమన్నడో ఎర్కేనా? నువ్వు రాకపోతె, నీకు గూడ దెబ్బ తాకిందేమో, నాకు చెప్తలేరేమో అని ఫికరైంది రా అన్నడు."

పది నిమిషాలకని పోయినవాడు అక్కడే అన్నం తిని వచ్చాడు.

తర్వాతి వారం ఎవరూ చెప్పకుండానే గేటు దాకా పోయాడు. ఇక దిగడమే మిగిలిందని నేను లోలోపల సంబరపడుతుండగా, ఆయన గనిలోకి దిగకుండా పైన చేసే పనికి అర్జీ పెట్టుకున్నానని చెప్పాడు. నా మొహం ఎట్లా మారిందో స్క్రీన్‌లో కనిపించినట్టుంది.

"నన్ను కిందికి దింపాలని నీకుండె. నాకైతే నిద్ర పట్టాలె, మందిల తిరగాలె. గా రెండూ అయితున్నయ్ కద," అన్నాడు.

అది భయం నుంచి తప్పించుకోవడమా, తనకు కావలసింది ఎంచుకోవడమా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఆయన మాత్రం ఆలోచించలేదు. ఇప్పుడు గని పైన, దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే గదిలో పనిచేస్తున్నాడు. ఆదివారాలు దోస్తును కాలనీ రోడ్డు మీద మెల్లగా నడిపిస్తాడట.