రెండు పిడికిళ్ల కవచం

చట్టసభలో ఎవరు ఎంత గొంతు చించుకున్నా, ఆ మాటలు ఆవిడ చేతుల్లోంచి దిగితే తప్ప కొన్ని వేల ఇళ్లకు చేరవు. వినపడనివాళ్ల కోసం సభ్యుల ప్రసంగాలను సైగల్లోకి మార్చడం ఆవిడ ఉద్యోగం. టీవీ తెర కింది మూల చిన్న గడిలో నల్ల చొక్కా వేసుకుని కనపడుతుంది. తోటివాళ్లు ముద్దుగా చేతులమ్మ అంటారు. మొగుడేమో, "మా ఇంట్లో పోట్లాటకి చప్పుడుండదు, గాలి తగులుతుందంతే" అని నలుగురిలో చెప్పుకుని నవ్వుతాడు.

ఆ విద్య ఆవిడకు ఉగ్గుపాలతో వచ్చింది. అన్నకు పుట్టుకతోనే వినపడదు. పుస్తకాల బైండింగు షాపులో పని చేస్తాడు. భార్య పోయాక మూడో అంతస్తు గదిలో ఒక్కడే ఉంటున్నాడు.

దేశమంతటికీ క్షిపణి రక్షణ కవచం కట్టాలా వద్దా అని సభలో చర్చ మొదలయ్యేసరికి అందరికన్నా ఎక్కువ సంబరపడ్డవాడు ఈ అన్నే. అవతలి దేశం వదిలిన క్షిపణిని మన క్షిపణి ఆకాశంలోనే అడ్డగించి తునకలు చేస్తుందన్న వార్తను కత్తిరించి పనిబల్ల ఎదుట గోడకు అంటించుకున్నాడు. సెలవు పెట్టి మరీ వచ్చి, సభ గ్యాలరీలో చెల్లెలి చేతులు సూటిగా కనపడేచోట కూర్చున్నాడు. భార్య పోయిన తరవాత అన్న దేనిమీదైనా ఇంత ఆశ పెట్టుకోవడం ఆవిడ చూడలేదు. అదే ఆవిడ గుబులు. చర్చ అన్నాక ఔననేవాళ్లుంటారు, కాదనేవాళ్లుంటారు. ఇద్దరి మాటలూ అన్నకు ఈ చేతులే చెప్పాలి. ఇచ్చిన ధైర్యాన్ని లాక్కోవలసి వస్తే అదీ ఈ చేతులే చెయ్యాలి.

మొదటిరోజు రక్షణ మంత్రి లేచాడు. మాటకారి. "తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు మన దగ్గరుండాలి కదండీ!" అని నవ్వించి, ఆ తరవాత గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. వచ్చేది మేఘాలకన్నా ఎంతో పైన, గాలి కూడా లేని చోట, కంటికి ఆనని వేగంతో వస్తుంది. నేల మీది నుంచి మనది లేస్తుంది. అంత ఆకాశంలో దాన్ని వెతికి పట్టుకుంటుంది. మందుగుండు అక్కర్లేదు, ఆ గుద్దుకే రెండూ బూడిదవుతాయి.

దీనికి సైగను కుదిర్చిపెట్టింది అన్నే. కుడి పిడికిలి శత్రువుది, తల పైనుంచి ఒంపు తిరుగుతూ దిగుతుంది. ఎడమ పిడికిలి నడుం దగ్గర నుంచి లేస్తుంది. కళ్లకెదురుగా రెండూ ఢీకొంటాయి, పది వేళ్లూ ఒక్కసారిగా విచ్చుకుని నిప్పురవ్వల్లా రాలిపోతాయి. ఆవిడ అలా చూపించగానే ముందు వరుస సభ్యులు మంత్రిని వదిలేసి ఇటు తిరిగారు. ఆవిడకే ఒళ్లు జలదరించింది. మట్టిమీద నడిచే మనిషి అక్కడ, ఆ చీకటి ఎత్తులో, పరిగెత్తే మృత్యువుకి గురి చూసి కొట్టగలడా! గ్యాలరీలో అన్న కళ్లు తుడుచుకుంటున్నాడు.

రెండోరోజు ప్రతిపక్షం వంతు. తల నెరిసిన ఒక సభ్యురాలు లేచింది. ఎగతాళి చెయ్యలేదు.

"మంత్రిగారి క్షిపణి గొప్పదే. నేనూ నోరు తెరుచుకుని చూశాను. అయితే పరీక్షల్లో కొన్నిసార్లు తగిలింది, కొన్నిసార్లు తప్పింది. అవతలివాడు ఒక్కటే పంపుతానని మాటిచ్చాడా? ఉత్తుత్తివి పది, అసలుది ఒకటి కలిపి పంపితే? మనం కవచం కట్టామని తెలిస్తే వాడు ఇంకో నాలుగు చేసుకోడా? గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారమంటే ఎట్లా?"

నోటికైతే 'తప్పింది' అనేసి మంచినీళ్లు తాగడం తేలిక. చేతులకు ఆ వెసులుబాటు లేదు. కుడి పిడికిలి వచ్చింది, ఎడమది లేచింది, రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ దాటిపోయాయి. ఎడమది పైకెళ్లి మాయమైంది. మరి కుడిది? ఇంకా మొహానికెదురుగానే ఉంది. అక్కడే వదిలేస్తే ఆకాశంలో వేలాడుతోందని చెప్పినట్టే. అది దిగింది. మొదటిరోజు నుంచీ 'మన ఊరు' అని చూపిస్తున్న చోటికే, పొట్టకెదురుగా మళ్లీ వచ్చి పరుచుకున్న ఎడమ అరచేతి మీదికే నెమ్మదిగా దిగింది, వేళ్లు విచ్చుకున్నాయి. ఆ ఒక్క మాటలో ఇంత ఉందని ఆవిడకు అంతదాకా తెలీదు. తన చేతుల్ని చూసి తనే భయపడింది. తలెత్తి చూస్తే అన్న గ్యాలరీలోంచి లేచి వెళ్లిపోతున్నాడు.

మర్నాడు సభకు పోయే ముందు బైండింగు షాపుకి వెళ్లింది. అన్న దబ్బనంతో పుస్తకం కుడుతున్నాడు. బల్లను అరచేత్తో చరిచింది. అదురుకి తలెత్తాడు, ఆవిణ్ణి చూసి, రెండు చేతులూ జిగురు గిన్నెలో ముంచేశాడు. నీతో మాట్లాడను పొమ్మని దానర్థం. ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం పట్టలేక కాసేపటికి తనే చేతులు కడుక్కొచ్చాడు.

"ఆ పెద్దావిడ పెదాలు చూశాను. ఒక్క ముక్కే అంది. నువ్వే దాన్ని తీసుకొచ్చి ఊరి మీద పడేశావు!"

"మరెక్కడ వదిలెయ్యమంటావన్నా? నువ్వే చూపించు."

అన్న పౌరుషంగా కుడి పిడికిలి ఎత్తాడు. ఎడమది దాన్ని దాటి పోయింది. కుడిది గాలిలో నిలిచింది. దాన్ని అలాగే పట్టుకున్నాడు. మోచెయ్యి వణికింది, నుదుట చెమట పట్టింది, అయినా దించడు. అన్న మొండితనం చూసి ఆవిడకు ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. చివరికి చెయ్యి దానంతటదే బల్ల మీదికి వాలింది.

"నీకెందుకన్నా దానిమీద ఇంత ప్రాణం?" అని అడిగింది.

"సైరన్ కూస్తే మీరంతా లేచి పరిగెడతారు. నాకెవరు చెబుతారు? చిన్నప్పుడు యుద్ధంలో నువ్వొచ్చి నా కాలి బొటనవేలు పట్టుకుని లాగేదానివి. నా సైరన్‌కేమో పెళ్లయి అత్తారింటికి పోయింది," అని నవ్వబోయి ఆగాడు. "అందుకే, పైనే ఆపేస్తే బాగుండుననుకున్నా."

 ఆవిడ బల్ల మీది అన్న చేతిని ఒకసారి నొక్కి వదిలింది.

"ఇవాళ మంత్రి జవాబు చెబుతాడు. ఆయనేమంటే అదే చూపిస్తాను. వస్తావా?" అంది.

"వస్తా. ఈసారి మధ్యలో లేచి వెళ్లను."

మంత్రి ఆ రోజు సామెతలు విప్పలేదు. "వందకు వందా ఆపుతామని గుండెలమీద చెయ్యేసుకుని చెప్పలేను. కొన్ని తప్పుతాయి. అలాగని ఆపగలిగినవాటిని కూడా ఆపొద్దంటారా?" అన్నాడు. ఆవిడ చూపించింది. పిడికిళ్లు కలిశాయి, మళ్లీ కలిశాయి, ఆ తరవాత ఒకసారి తప్పాయి. కుడి చెయ్యి దిగుతుంటే అన్న కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. రెప్ప వాల్చకుండా అది అరచేతిని తాకేదాకా చూశాడు. అంత ఎత్తున క్షిపణి క్షిపణిని కొట్టడం ఎంత గొప్పో ఆవిడకు తెలుసు. అన్న ఆ చూపు తిప్పుకోకపోవడం అంతకన్నా గొప్పగా తోచింది.

ఓట్లలో తక్కువ తేడాతో కవచం నెగ్గింది. కట్టడానికి పదేళ్లు పడుతుందన్నారు. బయట మెట్లమీద అన్న అడిగాడు: "మరి అందాకా?"

"అందాకా మా ఇంటికొచ్చెయ్."

"మీ ఆయన గురకకి గోడలదురుతాయని నువ్వే చెప్పావుగా!"

"నీకేం వినపడి చచ్చిందన్నా?"

అన్న పగలబడి నవ్వాడు. తన నవ్వు ఎంత పెద్దదో తనకు తెలీదు, కాపలావాళ్లు ఉలిక్కిపడి తిరిగి చూశారు.

ఆ వారమే పరుపు చుట్టుకుని వచ్చేశాడు. ముందుగదిలో మంచం ఎటు వెయ్యాలని బావగారు సైగ చేసి అడిగితే తనే ఈడ్చుకున్నాడు. తల కిటికీ వైపు, కాళ్లు చెల్లెలి గది గుమ్మం వైపు.