ఓపిక కోసం మింగిన మాత్రలు

పత్తికొండ బస్సులో టికెట్లు ఇస్తూ ఇస్తూ ఒకరోజు మధ్యలోనే ఆగిపోయాను. నేను పదిహేనేళ్లుగా కండక్టరుని. ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా జనాన్ని తోసుకుంటూ పోవడం నాకు కొత్త కాదు. ఆ రోజు ఐదో వరుస దగ్గరే కాళ్లు కదల్లేదు. నొప్పి లేదు, తల తిరగలేదు. ఒంట్లో ఓపిక అయిపోయింది, అంతే.

"ఏమ్మా, ఆడనే నిలబడితివి? ఈడికి రావా?" అని వెనక నుంచి ఒక పెద్దాయన కేకేశాడు. డ్యూటీ దిగి కల్లూరులో ఇంటికి వచ్చాక బట్టలు కూడా మార్చుకోకుండా పడుకుండిపోయాను.

అప్పటి నుంచి ప్రతిరోజూ అంతే. పొద్దున లేవాలంటే ఏడుపొచ్చేది. ఏ పని మీదా మనసు పోయేది కాదు. అప్పటికి ఏడాదిగా నాకు నెలసరి చాలా ఎక్కువగా అవుతోంది. రూటులో బాత్రూములు ఉండవని నీళ్లు తాగడం మానేసి, మరక కనపడకుండా నల్ల చీర కట్టుకుని డ్యూటీకి పోయేదాన్ని. ఆ సంగతికీ ఈ నీరసానికీ సంబంధం ఉంటుందని తట్టలేదు. నేనే సోమరిదాన్ని అయిపోయానని సిగ్గుపడ్డాను.

కడపలో ఉండే మా అక్క నాగవేణికి మాత్రమే చెప్పుకున్నాను. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. నాకు తల దువ్వి, సంగటి ముద్ద చేతిలో పెట్టి బడికి పంపింది అక్కే. ఆమె మాట మీద నాకు ఎదురు ప్రశ్న ఉండేది కాదు.

అక్క అప్పటికి ఒక సప్లిమెంట్ల కంపెనీలో వెల్‌నెస్ కోచ్‌గా చేరింది. ఒక పొడి డబ్బా, ఒక మాత్రల డబ్బా తీసుకుని మా ఇంటికి వచ్చింది.

"నీకేం రోగం ల్యాదు పద్మా. నీ మనసే పండుకునుండాది, దాన్ని లేపల్ల. తెల్లారకముందే లేయి, ఉడుకునీళ్లు తాగు, నడువు. పొద్దున రెండు, సాయంత్రం రెండు మాత్రలు ఏసుకో. అంతా ఆకులు, ఏర్లతో చేసిందే" అంది.

"రక్తం టెస్టు చేయించుకోమంటాడక్కా మీ మరిది."

"టెస్టులంటే లేని రోగం అంటగడ్తారు. నేను నీకు చెడు చెప్తానా?"

వారం తిరగకముందే నేను మారిపోయాను. ఆకలి వేసింది, ఎప్పటి నుంచో ఉన్న మోకాళ్ల నొప్పులు పోయాయి, బస్సులో పాటలు పాడుకున్నాను. అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను, సంతోషంతో. మా డిపోలో నాతోపాటు పనిచేసే షహీన్ కూడా నీరసంగా ఉందంటే, నేనే అక్కకు చెప్పి ఆమెకూ అవే మాత్రలు తెప్పించాను.

నాలుగో నెలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఏదైనా తగిలితే చాలు, చేతుల మీద నీలం మచ్చలు పడేవి. అక్కను అడిగితే, "ఒంట్లో ఉండే విషం బయటికి పోతాండాదిలే. మధ్యలో ఇడ్చిపెట్టద్దు" అంది. నేను విడిచిపెట్టలేదు.

ఎనిమిదో నెలలో ఇంట్లో మాత్రలు అయిపోయాయి. కంపెనీవాళ్లు కోచ్‌లందరికీ గండికోటలో మీటింగ్ పెట్టారు. అక్క ఆ హడావుడిలో నాకు పార్సిల్ పంపడం ఆలస్యమైంది. మూడో రోజు నుంచి వాంతులు. ఐదో రోజు పత్తికొండ బస్టాండులో బస్సు మెట్టు దిగుతూ పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి కర్నూలులో ఆసుపత్రిలో ఉన్నాను. బీపీ బాగా పడిపోయింది, షుగర్ కూడా తగ్గిపోయింది, సెలైన్ ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ వచ్చి, "ఏమ్మా, బయట మందులేమైనా వాడుతున్నావా? నాటు మందు, పొడులు, ఏవైనా?" అని అడిగింది.

"ఏం ల్యాదు మేడం" అన్నాను. అక్క పేరు బయటికి వస్తుందని భయం. ఆ సాయంత్రానికి నాకు మళ్లీ స్పృహ తప్పింది. మా ఆయన మద్దిలేటి ఇంటికి పరుగెత్తి, ఖాళీ డబ్బాలు తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాడు.

ఒంట్లో తయారయ్యే కార్టిజాల్ అనే హార్మోన్ ఎంతుందో టెస్టు చేశారు. చాలా తక్కువ వచ్చింది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "ఈ మాత్రల్లో స్టెరాయిడ్ కలిపారని నా అనుమానం. డబ్బా మీద రాయలేదు, కానీ నీ ముఖం, నీ చర్మం అదే చెప్తున్నాయి. బయట నుంచి స్టెరాయిడ్ వస్తుంటే నీ ఒళ్లు కార్టిజాల్‌ను సొంతంగా తయారుచేసుకోవడం మానేసింది. ఒక్కసారిగా ఆగేసరికి పడిపోయావు."

అసలు రోగం కూడా అప్పుడే బయటపడింది. హిమోగ్లోబిన్ ఏడు. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ కనబడింది, నెలసరి అంత ఎక్కువగా అయింది దానివల్లే. మొదటిరోజే ఒక రక్తపరీక్ష చేయించుకుని ఉంటే రక్తం తక్కువైందని తెలిసిపోయేది.

మర్నాడు అక్క వచ్చింది. ఆమె కూడా అవే మాత్రలు మింగుతోందనుకుని నాకు భయం పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఒక్కసారిగా మానొద్దు. నీ డబ్బా తీసుకొచ్చి మేడంకు చూపీ" అన్నాను.

అక్క కిటికీ వైపు చూసింది. "నేను ఏసుకోను."

"ఎప్పటి నుంచి?"

"మొదట్లో ఇరవై దినాలు ఏసుకున్యా. మొకం ఉబ్బిండె. ఇడ్చిపెట్నా."

"మరి నాకెందుకు ఇచ్చినావు?"

"నీకు పడిందనుకుంటి. శానా మంచిగుండాది అని నువ్వే చెప్తివి కదా."

నా ముఖం ఉబ్బిందని ఫోన్లో చెప్పుకున్నప్పుడు ఆమెకు అది ఏమిటో తెలుసు. తన ఒంటి మీద చూసుకున్నదే. విషం పోతోందని నాకు చెప్పింది. నర్సు వచ్చి సెలైన్ మార్చింది. అక్క లేచి, "కడప బస్సుకు టైమైతాండాది" అని వెళ్లిపోయింది.

డిశ్చార్జి అయ్యాక ఇంటికి పోకుండా మద్దిలేటితో డిపోకు వెళ్లాను. షహీన్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పాను. "నువ్వు చెప్తేనే తింటి కదక్కా" అంది. తిట్టినా బాగుండేది. ఆమెను నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. మాత్రలు ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆమెకూ రాసిచ్చారు. అక్కతో మాట్లాడాలని మనసు పీకినప్పుడల్లా నాకు షహీన్ అన్న మాటే గుర్తొచ్చి ఫోను కింద పెట్టేసేదాన్ని.

నాకు ఆసుపత్రివాళ్లే హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కొలతగా ఇచ్చి, నెలనెలా కొంచెం కొంచెం తగ్గించారు. జ్వరం వస్తే ఒంటికి అది ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి డోసు పెంచుకోవాలని చెప్పారు. మూడో నెలలో జ్వరమొస్తే, మళ్లీ స్టెరాయిడ్ ఎక్కువవుతుందని భయపడి పెంచలేదు. మళ్లీ వాంతులు, మళ్లీ రెండు రోజులు మంచం. "భయపడాల్సింది ఆ డబ్బాకమ్మా, నా చీటీకి కాదు" అని డాక్టరమ్మ కోప్పడింది. ఐరన్ ఇంజెక్షన్లు ఎక్కించారు, ఫైబ్రాయిడ్‌కు ఆపరేషన్ చేశారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాము. జవాబు ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆ మందులన్నీ ఆగిపోయాయి. హిమోగ్లోబిన్ పన్నెండు. మళ్లీ పత్తికొండ రూటులోనే ఉన్నాను. సాయంత్రానికి అలసట వస్తుంది, కానీ అన్నం తిని పడుకుంటే పొద్దుటికి తీరిపోతుంది. అక్క నెలకోసారి ఫోన్ చేస్తుంది. పిల్లల చదువులు, వానలు, ఇవే మాటలు. "అక్కను క్షమించినావా?" అని మద్దిలేటి అప్పుడప్పుడు అడుగుతాడు. లేదు. నన్ను పెంచిన చెయ్యి కూడా ఆమెదే కాబట్టి ఫోన్ ఎత్తుతాను, అంతే.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. నెలల తరబడి ఓపిక లేకపోతే మీ మనసును తిట్టుకోకండి, ముందు రక్తం చూపించుకోండి. ఇప్పటికే ఏదైనా పొడో మాత్రో మింగుతుంటే ఒక్కసారిగా ఆపకండి. డబ్బా చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఇచ్చినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా సరే, ఏం వాడుతున్నావని అడిగినప్పుడు దాచకండి.